ఎక్కడున్నావంటే పలికే డబ్బా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీ వాళ్లు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి ఒక షరతు పెట్టారు. నీ పని గురించి చెప్పు గానీ బోర్డు మీద సూత్రాలు రాయొద్దు అన్నారు. నా పనంతా రేడియోలతోనే. ఆకాశవాణి రేడియో కాదు. ఆరుబయట పోయిన చిన్న వస్తువు ఎక్కడుందో కనిపెట్టడానికి దానికి కట్టే చిన్న రేడియోలు. పిట్టకు కట్టేవి, గొర్రె మెడకు కట్టేవి, గాలి గుమ్మటానికి వేలాడదీసేవి. సూత్రాలు రాయను. లెక్కలు మాత్రం అక్కడక్కడ చెబుతాను, లెక్కల సారు ఇక్కడే కూర్చున్నారు కాబట్టి తప్పదు.

మొదట ఒక పుకారు సంగతి. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు, కొత్త రెండు వేల నోటులో చిప్ ఉందని ఊరూరా చెప్పుకున్నారు. నూటఇరవై మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహానికి తెలిసిపోతుందట. అలాంటిదేమీ లేదని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. నేను ఆ పుకారును వెక్కిరించడానికి చెప్పడం లేదు. అది ఎందుకు కుదరదో తెలిస్తే మిగతాదంతా సగం అర్థమైనట్టే.

జీపీఎస్ ఉపగ్రహాలు మనకు ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అవి గుడి మైకు లాంటివి. నేను ఫలానా ఉపగ్రహాన్ని, ఇప్పుడు సమయం ఇంత, అని చాటుతూ పోతాయి. అంతే. ఎవరు వింటున్నారో గుడి మైకుకు తెలియనట్టే వాటికీ తెలియదు. మన ఫోన్ నాలుగు మైకులు విని, ఏది ఎంత ఆలస్యంగా చేరిందో చూసి, తన జాగా తానే లెక్కకట్టుకుంటుంది. ఆ లెక్క ఇంకొకరికి చేరాలంటే ఫోన్ మళ్లీ తన గొంతుతో చెప్పాలి. గొంతెత్తడానికి కరెంటు కావాలి. నోటులో బ్యాటరీ ఏదీ? రేడియో ట్యాగు కథంతా ఈ గొంతు కథే. ఎంత గట్టిగా అరవగలదు, ఎన్నిసార్లు, వినేవాడు ఎంత దూరంలో ఉన్నాడు.

బ్యాటరీ లేని ట్యాగులు కూడా ఉన్నాయి. అలంపూర్ చౌరస్తా దాటి కర్నూలు వైపు పోతుంటే పుల్లూరు టోల్‌ప్లాజా వస్తుంది కదా. మీ కారు అద్దానికి అంటించిన ఫాస్టాగ్ అలాంటిదే. 2021 ఫిబ్రవరి నుంచి దాదాపు అన్ని బండ్లకూ తప్పనిసరి చేశారు. పైనున్న యాంటెనా రేడియో తరంగాన్ని విసురుతుంది. ఆ తరంగంలో ఉన్న శక్తినే కాస్త తాగి, ట్యాగు తన నంబరు పలుకుతుంది. ఒకరు అన్నం పెడితేనే మాట్లాడే మనిషి లాంటిది. కొన్ని మీటర్ల దూరం దాటితే మూగ. అది 'నువ్వెవరు' అనే ప్రశ్నకు జవాబు చెబుతుంది. 'ఎక్కడున్నావు' అనే ప్రశ్నకు చెప్పదు. ఈ రెండు ప్రశ్నలూ వేరువేరు. నేను చూసినంతలో జనం ఎక్కువగా మోసపోయేది, డబ్బు పోగొట్టుకునేది, ఈ తేడా తెలియకనే.

బర్రెల చెవులకు పసుపు పచ్చ బిళ్లలు వేస్తున్నారు, పన్నెండు అంకెలుంటాయి. అందులో రేడియో ఏమీ లేదు, అది కంటితో చదువుకునే నంబరు. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీలోనూ ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చినప్పుడు చెవులకు బిళ్లలు వేశారు. ఒకే నంబరు ఒకటికి మించి గొర్రెలకు ఉన్నట్టు తర్వాత కాగ్ నివేదికే రాసింది. బిళ్ల తప్పు కాదది. బిళ్ల ఎక్కడుందో చెప్పదు, ఎవరి చెవిలో ఉందో కూడా ఒట్టేసి చెప్పదు.

ఇక 'ఎక్కడ' అనే ప్రశ్నకు వద్దాం. మన తరం వాళ్లందరికీ ఈ విద్య వచ్చు. ఎప్పుడు నేర్చుకున్నామంటే, దూరదర్శన్ రోజుల్లో. మిద్దె మీద ఒకడు వెదురు బొంగుకు కట్టిన యాంటెనా పట్టుకుని తిప్పేవాడు. కింద ఇంట్లో ఒకరు, కిటికీ దగ్గర ఒకరు. "వచ్చిందా?" "రాలే." "ఇప్పుడు?" "ఆ... ఆ... పోయింది, మళ్ల ఎనక్కి తిప్పు." ఆ అల్యూమినియం కడ్డీల నిచ్చెన పేరు యాగీ యాంటెనా. 1926లో జపానులో యాగీ, ఉడా అనే ఇద్దరు చేసింది. అది ముందువైపు నుంచి వచ్చే తరంగాన్ని బాగా వింటుంది, పక్కల నుంచి వచ్చేదాన్ని తక్కువ వింటుంది. మనం దాన్ని బొమ్మ కోసం తిప్పాం. దాన్నే చేతిలో పట్టుకుని అడవిలో తిప్పితే జంతువు ఏ దిక్కున ఉందో తెలుస్తుంది. జంతువు మెడలోని చిన్న రేడియో క్షణానికొకసారి 'టిక్' అంటుంది. ఎటు తిప్పినప్పుడు టిక్కు గట్టిగా వినబడితే అదే దిక్కు. మన దేశంలో పులులకు ఇలా రేడియో పట్టీలు కట్టి వెంబడించడం 1990లో నాగరహొళె అడవిలో ఉల్లాస్ కారంత్ మొదలుపెట్టారు.

ఒక చోటి నుంచి దిక్కు మాత్రమే తెలుస్తుంది, దూరం తెలియదు. అందుకని ఇంకో చోటికి నడిచి మళ్లీ దిక్కు చూడాలి. రెండు గీతలు ఎక్కడ కలిస్తే అక్కడ. 1802లో లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టి దేశాన్ని కొలిచిన పద్ధతి కూడా త్రిభుజాలే. ఆయన కొండ మీది జెండానో దీపాన్నో చూశాడు, మనం టిక్కును వింటాం. లెక్క ఒకటే, కష్టం ఒకటి కాదు. చేతి యాంటెనాతో దిక్కులో ఐదు డిగ్రీలు అటూ ఇటూ కావడం మామూలు. కిలోమీటరు దూరంలో ఐదు డిగ్రీల తేడా అంటే ఎనభై ఏడు మీటర్లు. మూడు కిలోమీటర్లయితే రెండు వందల అరవై మీటర్లు దాటుతుంది. రెండు గీతలు కత్తెర మూసినట్టు దగ్గరదగ్గరగా కలిస్తే తప్పు ఇంకా పెరుగుతుంది. అందుకే రెండో చోటు మొదటిదానికి పక్కగా, లంబకోణం వచ్చేటట్టు ఎంచుకోవాలి. నడక ఎక్కువే. కాని ఇందులో కాళ్లు మిగుల్చుకుంటే రాత్రి పొడుగునా తిరగాల్సి వస్తుంది.

మన మూడు జిల్లాలు ఈ విద్య నేర్చుకోవడానికి చేసిపెట్టినట్టు ఉంటాయి. గద్వాల, అలంపూర్ నడిగడ్డలో నేల చదును. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ రేడియోకు అడ్డం తక్కువ. అక్కడ అడ్డొచ్చేది భూమి వంపే. చేతిలో రెండు మీటర్ల ఎత్తున పట్టుకున్న యాంటెనాకు రేడియో దిగంతం ఆరు కిలోమీటర్ల లోపే. అదే నూరు మీటర్ల గుట్ట ఎక్కితే నలభై ఒక్క కిలోమీటర్లు. యాభై రెట్లు ఎత్తు పెరిగితే దూరం ఏడు రెట్లే పెరిగింది. వర్గమూలం సారూ, మీరు చెప్పిందే. ఆ దిగంతం వరకు వినాలంటే ట్యాగుకు గొంతు ఉండాలి, అది వేరే మాట. కాని వెతకబోయే ముందు చేయాల్సిన మొదటి పని గుట్టెక్కడం.

వనపర్తి వైపు, ముఖ్యంగా ఖిల్లా ఘనపురం లాంటి చోట్ల, బండలే బండలు. అక్కడ రేడియో అబద్ధం చెబుతుంది. బావిలోకి పిలిస్తే మన గొంతు మనకే తిరిగొచ్చినట్టు, ట్యాగు గొంతు ఎదుటి గుట్టకు తగిలి అటు నుంచి వస్తుంది. ట్యాగు మన వెనక ఉంటే యాంటెనా ముందుకు చూపిస్తుంది. దీనికి మందు ఒకటే. నిలబడ్డ చోటే తిప్పుతూ నమ్మకుండా, యాభై అడుగులు పక్కకు పోయి మళ్లీ చూడాలి. నిజం నిలకడగా ఉంటుంది. ప్రతిధ్వని మనతోపాటు జరుగుతుంది.

నాగర్‌కర్నూలు దాటి మన్ననూరు పైకి పోతే నల్లమల. అమ్రాబాద్ పులుల అభయారణ్యమే 2,611 చదరపు కిలోమీటర్లు. వానాకాలంలో తడిసిన ఆకు రేడియోను తాగేస్తుంది. లోయలోకి దిగిన జంతువు టిక్కు, మనం గట్టు మీద కుడివైపు ఉంటే వినబడి, ఎడమవైపు ఉంటే వినబడదు. అక్కడ పులుల లెక్కంతా ఎక్కువగా కెమెరాలతోనే. పులి ఒంటి చారలే దాని నంబరు బిళ్ల, ఏ రెండు పులులకూ ఒకటిగా ఉండవు. ఇక చెంచు పెద్దమనిషి ఒకరు పక్కనుంటే నా యాంటెనాకు పని సగం తగ్గుతుంది. పక్షి అరుపును బట్టి జంతువు ఎటు కదిలిందో ఆయన చెబుతాడు. ఇది పొగడ్త కాదు, బ్యాటరీ ఆదా.

చివరి పది మీటర్ల సంగతి చెప్పి ముందుకు పోతాను. ఇది ఎవరూ పుస్తకంలో సరిగా రాయరు. వస్తువు దగ్గరికి వచ్చాక యాంటెనా ఎటు తిప్పినా గట్టిగానే వినబడుతుంది, దిక్కు తెలియదు. అప్పుడు యాంటెనా పీకేయాలి. రిసీవరును రొమ్ముకు ఆనించి పట్టుకుని నిదానంగా ఒక చుట్టు తిరగాలి. మన ఒళ్లంతా నీళ్లే, రేడియోకు అది గోడ. వస్తువు వీపు వెనక ఉన్నప్పుడు చప్పుడు బాగా తగ్గుతుంది. అంటే వీపు చూపినవైపు వెతకాలి. అప్పటికీ గట్టిగా ఉంటే రిసీవరును స్టీలు గిన్నెలో పెట్టి, మూత కాస్త తెరిచి వినండి. నవ్వకండి, పనిచేస్తుంది.

ఇప్పుడు పిట్ట కథ. ఈ ఉపన్యాసం ఒప్పుకున్నదే ఇది చెప్పడానికి.

అముర్ ఫాల్కన్ అని చిన్న డేగ ఉంది. నూటయాభై గ్రాములు తూగుతుంది. చైనా, రష్యా సరిహద్దు ప్రాంతాల్లో పిల్లల్ని పెంచుకుని, చలికాలానికి దక్షిణ ఆఫ్రికాకు పోతుంది. పోయే దారిలో నాగాలాండ్‌లో దోయాంగ్ జలాశయం దగ్గర లక్షల్లో దిగుతుంది. అక్కడి గాలిలో లేచే ఉసిళ్లు తిని ఒంట్లో కొవ్వు పెంచుకుంటుంది, ఎందుకంటే తర్వాత సముద్రం దాటాలి. 2012లో అక్కడ వలలు పన్ని ఒక్క సీజనులోనే లక్షా ఇరవై వేలకు పైగా పిట్టల్ని పట్టి చంపారని బయటపడింది. బానో హరాలు అనే జర్నలిస్టు, మరికొందరు కెమెరాలతో పోయి చూపించారు. మరుసటి ఏడాది, 2013లో, అదే చోట వల పడలేదు. ఊళ్ల పెద్దలు, చర్చి, అటవీశాఖ కలిసి ఆపారు. అదే నవంబరులో డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ వాళ్లు, హంగరీ నిపుణులతో కలిసి, మూడు పిట్టలకు ట్యాగులు కట్టారు. ఒక్కోటి ఐదు గ్రాములు. మన లెక్కలో అర తులం. ఎగిరే పిట్టకు దాని బరువులో నూటికి మూడు నాలుగు వంతులకు మించి కట్టకూడదన్నది పద్ధతి. నూటయాభై గ్రాములకు ఐదు గ్రాములంటే సరిగ్గా ఆ హద్దులో ఉంది. దాని వీపు మీద సోలార్ పలక, లోపల చిన్న రేడియో.

అంత చిన్న గొంతు ఎవరికి వినబడుతుంది? ఆకాశానికి. ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో ఆర్గోస్ అనే వినే చెవి ఉంటుంది. 1978 నుంచి నడుస్తున్న ఏర్పాటు. ఇవి జీపీఎస్ ఉపగ్రహాలకు తిరగేసిన రకం. అవి మైకులు, ఇవి చెవులు. ఆ అర తులం రేడియోలో జీపీఎస్ లేదు. అందుకని పిట్ట 401 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకే శ్రుతిలో కూత పెడుతుంది. ఉపగ్రహం దగ్గరికి వస్తున్నంతసేపూ ఆ శ్రుతి పైకి లేచినట్టు, దాటిపోయాక కిందికి దిగినట్టు వినబడుతుంది. హైవే పక్కన నిలబడితే లారీ హారను మనల్ని దాటగానే దిగిపోతుంది కదా, అదే. శ్రుతి ఎంత వేగంగా దిగిందో చూసి, పిట్ట ఉపగ్రహపు దారికి ఎంత దూరంలో ఉందో లెక్కకడతారు. ఇందులో ఒక చిక్కుంది. దూరం తెలుస్తుంది గానీ దారికి కుడివైపా ఎడమవైపా తెలియదు. రెండు జవాబులు వస్తాయి. పిట్ట నిన్న ఎక్కడుందో చూసి అందులో ఒకటి కొట్టేస్తారు. అదృష్టం బాగుంటే పావు కిలోమీటరు లోపు తేడాతో చోటు దొరుకుతుంది. ఆ ట్యాగు రోజంతా మాట్లాడదు. కొన్ని గంటలు కూసి, రెండు రోజుల దాకా నోరు మూసుకుని, ఎండలో కడుపు నింపుకుంటుంది.

ఆ చెవుల్లో ఒకటి మన శ్రీహరికోట నుంచే పోయింది. ఇస్రో, ఫ్రాన్సు కలిసి చేసిన సరళ్ ఉపగ్రహం, 2013 ఫిబ్రవరి 25న పీఎస్ఎల్వీ సీ20 మీద. అదే ఏడాది నవంబరులో ఈ మూడు పిట్టలు. 2022 నవంబరు 26న పోయిన ఓషన్‌శాట్ 3లో కూడా ఆర్గోస్ కొత్త చెవి ఉంది.

మూడు పిట్టలకూ అక్కడి పేర్లే పెట్టారు. నాగ, వోఖా, పాంగ్టీ. పాంగ్టీ అంటే వలలు ఎక్కువగా పన్నిన ఊరు. ముందటి ఏడాది పిట్టల్ని చంపిన ఊరి పేరే పిట్టకు పెట్టడం గొప్ప ఆలోచన అని నేను ఇప్పటికీ అనుకుంటాను. అవి బంగాళాఖాతం మీదుగా వచ్చి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మీదుగా దక్కను దాటి, అరేబియా సముద్రం మీద పడ్డాయి. నాగ అనే మగపిట్ట ఐదున్నర రోజులపాటు ఆగకుండా ఎగిరి, సుమారు 5,600 కిలోమీటర్లు పోయి సోమాలియాలో దిగింది. ఆ ఐదు రోజులూ పాంగ్టీ ఊళ్లో జనం 'మా పిట్ట ఎక్కడుంది' అని అడిగారు. మరుసటి ఏడాది అక్టోబరు ఆఖరుకు నాగ, పాంగ్టీ రెండూ తిరిగి దోయాంగ్‌కే వచ్చాయి. శాస్త్రానికి ఆ ట్యాగులు ఒక దారి గీత ఇచ్చాయి. ఊరికి ఇచ్చింది ఇంకా పెద్దది. మొన్నటిదాకా సంచిలో కిలోల లెక్కన ఉన్నది ఒక పేరున్న జీవం అయింది.

నవంబరులో మన కంది చేల మీద, కరెంటు తీగల మీద చిన్న డేగలు కనబడితే ఈసారి ఒకసారి ఆగి చూడండి. చూడడానికి ట్యాగు అక్కర్లేదు.

పై నుంచి పడేవాటి సంగతి కూడా ఒక నిమిషం. హైదరాబాదులో వాతావరణశాఖ వాళ్లు రబ్బరు బెలూనుకు చిన్న డబ్బా కట్టి వదులుతారు. అది పైకిపోతూ గాలి, వేడి, తేమ కొలిచి రేడియోలో చెబుతుంది. ముప్ఫై కిలోమీటర్ల దగ్గర బెలూను పగిలి ఎక్కడో ఒక చేనులో పడుతుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లకు ఈసీఐఎల్ దగ్గర 1969 నుంచి పెద్ద బెలూన్ల కేంద్రం ఉంది. వాళ్లవి పెద్ద పరికరాలను కూడా మోస్తాయి, ప్యారాచూట్‌తో దిగుతాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఒకటి దిగితే, ఊరంతా గ్రహాంతరవాసులు వచ్చారని పరుగెత్తింది. ఏటా పేపర్లలో ప్రకటన వేస్తారు, తెరవొద్దు, పోలీసులకు చెప్పండి అని. లోపల హెచ్చు ఓల్టేజీ ఉండొచ్చు. మీ చేలో తెల్ల డబ్బా దొరికితే దాని మీద ఏం రాసుందో చదివి ఆ ప్రకారం చేయండి. అది ఎక్కడ పడిందో వాళ్లకు ముందే తెలుసు, కాకపోతే వాళ్లు వచ్చేలోపు మనవాళ్లు సామాను పంచుకుంటారు.

ఇప్పుడు గొర్రెలు. మన పాలమూరులో గొర్రెలు లేని ఊరుందా? ఎండాకాలం మందలు నది ఒడ్లకు, అడవి అంచులకు పోతాయి. కోసిన చేలల్లో రాత్రిళ్లు మందపెడతారు, రైతుకు ఎరువు, కాపరికి గింజలు. పోయే గొర్రెలు మూడు రకాలుగా పోతాయి. రోగం వచ్చి, కుక్కలు పడి, దొంగలు బండి తెచ్చి. రోగానికి నా దగ్గర ట్యాగు లేదు. మిగతా రెండింటికి ఏమైనా చేయగలమా అని చాలా కాలంగా నా మనసులో ఉంది.

మన బ్యాచ్‌లోనే తొమ్మిదో తరగతిలో బడి మాని మంద వెంట పోయిన మిత్రుడు ఒకడున్నాడు. వెనక వరుసలోనే ఉన్నాడు, పేరు చెబితే లేచిపోతాడు. అతని దగ్గరికి నేను ఒక డబ్బా పట్టుకుపోయాను. లోపల జీపీఎస్, సిమ్ కార్డు, బ్యాటరీ. గొర్రె మెడకు కడితే ఫోన్‌లో పటం మీద చుక్క కనబడుతుంది. అతను డబ్బాను ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. తర్వాత అడిగాడు:

"నా గొర్లు యాడున్నయో నాకెరుకే గదరా. ఇది ఇంకెవరికి జెప్తది?"

నేను సర్వర్ అన్నాను, కంపెనీ అన్నాను. అతను నవ్వాడు. "మేత లేని యేడు అడివి గీత దాటుతం. దాటినమని ఇది రాసి పెడ్తది. రేపు ఎవడో కాయితం దెచ్చి నా ముందర పెడ్తడు. నీ డబ్బా నా గొర్రెను కాయనీకెనా, నన్ను కాయనీకెనా?"

దానికి నేను వెంటనే చెప్పగలిగిన జవాబు లేదు, ఎందుకంటే ప్రశ్న సరైనది. గొర్రె మెడలో వేసిన పెట్టె కాపరి ఎక్కడున్నాడో కూడా చెబుతుంది. మన తండ్రుల తరంలో డ్యాము పనులకు, కాలువ పనులకు పోయినవాళ్లు ఎక్కడున్నారో ఇంట్లో ఆడవాళ్లకు నెలల తరబడి తెలిసేది కాదు. ఒక కార్డుముక్క వస్తే వచ్చినట్టు. మేస్త్రీకి మాత్రం పూటపూటకూ తెలుసు. ఎక్కడున్నామన్నది ఎవరికి తెలుస్తున్నదీ అన్నది మన జిల్లాలో కొత్త విషయం కాదు.

సిమ్ కార్డు తీసేశాను. దాని బదులు లోరా అనే చిన్న రేడియో పెట్టాను. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా తక్కువ శక్తితో వాడుకుంటే లైసెన్సు అక్కర్లేదు. నిదానంగా, నట్టినట్టి మాట్లాడుతుంది, అందుకే దూరం పోతుంది. రిసీవరు అతని చేతిలోనే. పటం లేదు, సర్వర్ లేదు. ఒక బాణం, ఎన్ని అడుగులో ఒక అంకె. తెల్లారి చెరిపేసుకుంటుంది.

రెండో గొడవ బ్యాటరీ. పావుగంటకొకసారి జీపీఎస్ చోటు పట్టి పలికితే, సెల్లు మూడు నెలలు దాటి ఎంతో రాదు. అందులో పలకడానికి అయ్యే ఖర్చు పదో వంతు కూడా లేదు. తొమ్మిది వంతులూ 'నేనెక్కడున్నాను' అని ఆకాశాన్ని వినడానికే పోతుంది. చెప్పడం చౌక, తెలుసుకోవడం ఖరీదు. గంటకొకసారి చేస్తే ఏడాది వస్తుంది, కాని దొంగ బండి గంటలో ఎంత దూరం పోతుందో మీకు తెలుసు.

దీనికి దారి కూడా అతనే చూపాడు. "తెల్లారినంక యాడికి వోయిందో జెప్పుడు ఎందుకు? రాత్రి కదిలిందని నన్ను లేపు, చాలు." మందపెట్టిన రాత్రి గొర్రెలు పడుకుంటాయి. అన్నీ ఒక్కసారి లేచి కదిలాయంటే ఏదో జరిగింది. కదలికను పట్టే చిన్న చిప్‌కు కరెంటు దాదాపు అక్కర్లేదు. జీపీఎస్ పడుకోవచ్చు. కదిలితేనే లేస్తుంది, లేచి అతన్ని లేపుతుంది. ఒకే మాటతో బ్యాటరీ గొడవ తీరింది.

ఇంకోటి. నేను డబ్బాను గంట కట్టిన పొట్టేలుకు కట్టబోయాను, మందకు అదే ముందు కదా అని. గంట కూడా పాతకాలపు ట్యాగే, చెవితో వినే ట్యాగు. అతను వద్దన్నాడు. దొంగ మొదట చేసేది గంటలో గుడ్డ కుక్కడం. వాడి చెయ్యి మొదట పడేది అక్కడే. నడుమ ఉండే ముసలి గొర్రెకు, ఎవరూ రెండోసారి చూడనిదానికి కట్టమన్నాడు. గొంగడి నేసే నల్ల ఉన్నితో తనే పట్టీ పేనాడు. నల్ల గొర్రె మీద నల్ల పట్టీ. రెండు వందల గొర్రెలకు మూడే డబ్బాలు. మొత్తం ఖర్చు ఒక మంచి పొట్టేలు ధర దాటొద్దని హద్దు కూడా అతనే పెట్టాడు.

మొదటి రెండు రాత్రులు గొర్రె ఒళ్లు గోక్కుంటే కూడా రిసీవరు మోగింది. అతను నిద్రలేక నన్ను తిట్టిన తిట్లు ఈ సంచికలో అచ్చువేయలేరు. మూడు డబ్బాల్లో రెండైనా కదిలితేనే మోగాలని మార్చాం. తర్వాత ఒక రాత్రి అది మోగేసరికి లేచి టార్చి వేస్తే మందలో కుక్కలు. ఒక పిల్ల మెడ దాకా వచ్చాయి. ఆ పిల్ల బతికింది. దొంగల పరీక్ష ఇంకా కాలేదు, కాకూడదనే కోరుకుంటున్నాం. నడిగడ్డ చేలల్లో అది చక్కగా వినబడింది. గుట్ట చాటుకు మంద పోతే ఇప్పటికీ మాయమే. దానికి గుట్ట మీద ఇంకో చిన్న రేడియో పెట్టి అందుకునే పద్ధతి చేస్తున్నాను. వచ్చే ఎండాకాలానికి సిద్ధం కావాలి, అప్పటికి మందలు బయల్దేరుతాయి.

పిల్లలకు ఒక మాట. ఇది నేర్చుకోవడానికి ఇంజనీరింగ్ దాకా ఆగాల్సిన పని లేదు. హామ్ రేడియో పరీక్ష పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా రాయొచ్చు. హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983 నుంచి ఉంది, నేర్పుతుంది. దాచిన రేడియోను వెతికే ఆటను వాళ్లు నక్క వేట అంటారు. యాంటెనాకు డబ్బు అక్కర్లేదు. దర్జీ టేపు కాదు, మేస్త్రీ వాడే ఇనుప కొలత టేపు ముక్కలు, ప్లాస్టిక్ నీళ్ల పైపు, కొంచెం వైరు. నిన్న సాయంత్రం సైన్సు టీచరుతో కూర్చుని ఆరు చేశాం, ల్యాబులో ఉన్నాయి.

రేపు పొద్దున్న ఏడు గంటలకు, ఎండ ఎక్కకముందే, చెరువు కట్ట వెనక మూడు డబ్బాలు దాస్తాం. ఎక్కడ దాచేదీ మా గొర్రెల మిత్రుడి ఇష్టం, నాకు కూడా చెప్పనన్నాడు. జట్టుకు నలుగురు. ప్రతి జట్టులో ఒక పాత విద్యార్థి ఉండొచ్చు, కాని యాంటెనా పిల్లల చేతుల్లోనే ఉండాలి. చెప్పులు కాకుండా బూట్లు వేసుకుని రండి, కట్ట కింద తుమ్మముళ్లు ఉన్నాయి. పేర్లు ఈ సభ కాగానే టీచరు గారి దగ్గర ఇవ్వండి.